పుట్టగొడుగుకు చుట్టాలెవరు?

పేరు పెట్టడంలో మన పెద్దలు ఎంత గమనించారో చూడండి. పుట్ట మీద లేచిన గొడుగు గనుక పుట్టగొడుగు. బాలాపూర్, శంషాబాద్ వైపు చెలకల్లో, వానాకాలమందు చెదపుట్టల దగ్గర లేచే తెల్లని గొడుగులను శాస్త్రజ్ఞులు టెర్మిటోమైసిస్ అంటారు.

ఆ గొడుగు కాడ వెంట త్రవ్వితే అది వేరు వలె చెదల గూడు దాకా పోతుంది. నమిలి విసర్జించిన గడ్డి, కట్టెల పొడితో చెదలు అక్కడ తేనెతుట్టె వంటి దిమ్మెలు కడతాయి. వాటి మీద పెరిగే బూజు, చెదలకు అరగని దానిని అరిగేట్టు చేస్తుంది. చెదలు దానినే తింటాయి. ఇదీ సేద్యమే గదా!

ఎంత పాత సేద్యమో డి.ఎన్.ఏ. చెప్పింది. గొడుగులోనుండి గోరంత ముక్క తీసి, దాని డి.ఎన్.ఏ.లో ఒక చిన్న భాగానికి యంత్రంలో లక్షల నకళ్లు చేసి, నాలుగు రకాల అక్షరాలు ఏ వరుసలో ఉన్నవో చదువుతారు. రెండు గొడుగుల వరుసలలో తేడాలు తక్కువైతే దగ్గరి చుట్టాలు, ఎక్కువైతే దూరపు చుట్టాలు. 2002లో డ్యూర్ ఆనెన్, ఆయన తోటివారు ఆఫ్రికా, ఆసియా చెదలను, వాటి బూజులను ఇట్లు పోల్చి చూశారు. ఈ పొత్తు ఒక్కసారే మొదలైనదని, దానిని విడిచి ఒంటరిగా బ్రతికిన బూజు ఒక్కటీ కనబడలేదని తేలింది. మొదలైనది ఆఫ్రికాలో, సుమారు 3 కోట్ల సంవత్సరాల క్రితం. ఈ గొడుగులను షెడ్డులో పెంచడం ఎందుకు కుదరదో దీనిని బట్టి తెలుస్తుంది.

తొలకరికి దీపం చుట్టూ మూగే ఉసిళ్ళలో చాలా రకాలు పాత గూటి బూజును వెంట తీసుకుపోవు. ఉత్త చేతులతోనే కొత్త కాపురం పెడతాయి. వాటి పిల్లలు మేతకు బయటికి వచ్చే నాటికి గొడుగులు విచ్చుకొని, విత్తనం వంటి పొడి రాలుస్తాయి. ఆ పొడే కొత్త గూటికి విత్తనం.

కూరగాయల బుట్టలో వేసుకొంటాము గాని, పుట్టగొడుగులు మొక్కలకన్న జంతువులకే దగ్గరి చుట్టాలని 1993లోనే తేలింది.

ఇక అమ్మలకు ఒక మాట. ఇటువంటి తెల్ల టోపీతోనే క్లోరోఫిల్లమ్ అనే విషపు గొడుగు ఒకటి గడ్డిలో లేస్తుంది. ముదిరితే క్రింది రేకులు పచ్చబారతాయి, లేతగా ఉన్నప్పుడు తెల్లగానే ఉంటాయి. డి.ఎన్.ఏ. చూస్తే వీటి కుటుంబమే వేరు, కంటికి మాత్రం అక్కచెల్లెళ్ళు. వెండి చెంచా నల్లబడకపోతే మంచిదనే మాట నమ్మకండి. కొన్ని విషాలు ఎంత ఉడికించినా పోవు. కొన్నిటికి ఆరు గంటలు దాటిన తరువాతనే వాంతులు మొదలై, తగ్గినట్లు కనిపించి, పిమ్మట కాలేయం చెడుతుంది. తిన్నవారికి ఒంట్లో బాగులేకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి. మిగిలిన గొడుగు ముక్కను కాగితంలో చుట్టి డాక్టరుగారికి చూపించండి.