ఒకే ప్రాసెసరు, మూడు పేర్లు

తమిళనాట స్థిరపడిన మనవారికి పేర్ల చిక్కు కొత్తది కాదు. పెళ్ళి శుభలేఖలో ఇంటిపేరు వుంటుంది. బడి రిజిస్టరులో తండ్రిపేరు మొదటి అక్షరమే వుంటుంది. కంప్యూటరులోని ప్రాసెసరుకు కూడా యిదే గతి.

కెర్నెలు అంటే యంత్రానికీ, మనం వాడే ప్రోగ్రాములకూ నడుమ నిలిచే మూల ప్రోగ్రాము. లినక్సు కెర్నెలును మూటగట్టి పంపేటప్పుడు ఆ మూట, అంటే ప్యాకేజీ, ఏ జాతి ప్రాసెసరుకో పైన రాయాలి. చిక్కంతా అక్కడే. 64 బిట్ల పద్ధతిని 2003లో ఏఎండీ కంపెనీ బజారుకు తెచ్చింది గనుక డెబియన్ వారు దానిని 'ఏఎండీ64' అన్నారు. మరుసటి యేడు ఇంటెల్ కూడా ఆ పద్ధతినే చేపట్టింది. ఫెడోరా వారికి అదే 'ఎక్స్86_64'. కెర్నెలు మూలంలోనేమో 2008 నుంచి 32, 64 రెండూ 'ఎక్స్86' అనే ఒకే అరలో వున్నాయి. ఇంటెల్ యంత్రం కొన్నవారు 'ఏఎండీ64' చూసి యిది మనది కాదనుకుంటారు, మనదే!

పవర్ జాతి మరీ విడ్డూరం. ఒకరు 'పీపీసీ64ఎల్‌ఈ' అంటే డెబియన్ వారు 'పీపీసీ64ఈఎల్' అంటారు. రెండక్షరాలు తారుమారు కావడానికి తగిన కారణమేదో నాకు తోచదు.

కెర్నెలుతో వచ్చే చిన్న స్క్రిప్టు ఈ పేర్లను ఒకదానికొకటి జతపరుస్తుంది. దానికి తెలియని జాతి ఎదురైతే ఒక హెచ్చరిక చేసి, మూట కట్టే కంప్యూటరు పేరునే అంటించి వూరుకుంటుంది. ఆ హెచ్చరికను చూడకుండా పోతే మూట తప్పు ఇంటికి చేరినట్టే. 'కేబిల్డ్_డెబ్‌ఆర్క్' అన్నచోట సరైన పేరు మనమే యిచ్చుకోవచ్చు.

ఇక పాత యంత్రాలున్నవారికి ఒక మాట. 'ఐ386' అనే పేరు 1985 నాటి ప్రాసెసరుది. ఆ ప్రాసెసరును కెర్నెలు 2013లోనే వదిలేసినా పేరు మాత్రం మిగిలింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఆ పేరుతో కెర్నెలు ప్యాకేజీ లేదు. అంతమాత్రాన పాతదాన్ని అమ్మివేయకండి. 'యూనేమ్ -ఎమ్' అని అడిగితే వచ్చే జవాబు నడుస్తున్న కెర్నెలును గురించే గాని ప్రాసెసరును గురించి కాదు. 64 బిట్ల యంత్రంలో ఎవరో 32 బిట్ల కెర్నెలు పెట్టి వుండవచ్చు. 'ఎల్‌ఎస్‌సీపీయూ' అని అడిగి చూడండి. 32, 64 రెండూ కనబడితే ఆ యంత్రంలో 'ఏఎండీ64' డెబియన్‌ను కొత్తగా వేసుకోవచ్చు. ముందు మీ కాగితాలు, ఫోటోలు వేరేచోట భద్రపరచుకోండి.