భిన్నాల లెక్క.. హక్కుల లెక్క

భిన్నాలు, దశాంశాలు అనగానే చాలామంది పిల్లలు బెదిరిపోతారు. నిజానికి అవి మన ఇళ్లలో నిత్యం వినిపించే మాటలే. పావు కిలో పప్పు, అర లీటరు పాలు, ముప్పావు గంట... వీటినే 1/4, 1/2, 3/4 అనీ, 0.25, 0.5, 0.75 అనీ వారిచేత రాయిద్దాం.

ఎనిమిది పెద్దది గనుక 1/4 కంటే 1/8 పెద్దదని పిల్లలు భ్రమపడుతుంటారు. ఒక రొట్టెను నలుగురికి, అంతే రొట్టెను ఎనిమిది మందికి పంచమందాం; ఎవరి ముక్క చిన్నదో వారే చెబుతారు. 0.3 కంటే 0.25 పెద్దదంటే, 30 పైసలు ఎక్కువా, 25 పైసలు ఎక్కువా అని అడుగుదాం.

జకాత్ లెక్కించేటప్పుడు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుందాం. జకాత్ నలభయ్యో వంతు, అంటే 2.5 శాతం; దశాంశంలో 0.025. జకాత్ విధి అయిన సొమ్ము రెండు లక్షలైతే చెల్లించవలసినది 5,000 రూపాయలు. 0.025కు బదులు 0.0025 అని రాస్తే అది 500 అవుతుంది. ఒక్క సున్నా కారణంగా పేదల హక్కులో 4,500 రూపాయలు మన ఇంట్లోనే మిగిలిపోతాయి.

సూరహ్ అన్-నిసాలో వారసుల వాటాలు కూడా సగం, నాలుగో వంతు, ఆరో వంతు అంటూ భిన్నాలలోనే ఉన్నాయి. సంతానం గల భర్త మరణిస్తే, అప్పులు, వీలునామా తీరగా మిగిలిన ఆస్తిలో భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినది 16 లక్షలైతే ఆమె వాటా 2 లక్షలు. ఈ లెక్క మగపిల్లలతో సమానంగా ఆడపిల్లలకూ నేర్పించాలని మా మనవి. తన వాటా ఎంతో రేపు ఆమె ఇతరులను అడిగి తెలుసుకోవలసిన అవసరం ఉండకూడదు.