బిరడా పొట్టు వడకట్టొచ్చు, ఏట్లో గాజు పెంకుని ఎవరు వడకడతారు?



ఈ వారమంతా మన సభ్యుల్లో ఒకటే చర్చ. ఒకరింట్లో దుబాయి నుంచి వచ్చిన బ్రాందీ సీసా బీరువాలో ఏళ్ళ తరబడి పడుకోబెట్టి ఉందట. తెరవబోతే బిరడా సగానికి విరిగి, పొట్టు లోపల పడిందట. తాగొచ్చా, పారబోయాలా అని మూడు రోజులు పంచాయితీ. సలహా చెప్పనివాళ్ళు లేరు.

సరే, మేమూ చెప్తాం. బిరడా అంటే చెట్టు బెరడే. బడిలో మేము అరవంలో తక్కై అని నేర్చుకున్నాం, ఇంట్లో మా అవ్వ బిరడా అనేది. పోర్చుగల్, స్పెయిన్ దేశాల్లో ఒక రకం ఓక్ చెట్టు నుంచి ఒలుస్తారు. విషం కాదు. వైన్ సీసాని పడుకోబెడతారు, బిరడా ఎండకూడదని. బ్రాందీ, విస్కీ సీసాని నిలబెట్టాలి, ఆ ఘాటుకి బిరడా చివికిపోతుంది కాబట్టి. మూతిలో ఇరుక్కున్న ముక్కని మరతో మెల్లగా తిప్పి లాగండి. రాకపోతే లోపలికి తోసేసి, సబ్బు వాసన లేని పలుచని గుడ్డలోనో, కాఫీ వడకట్టే కాగితంలోనో పోయండి. అయిపోయింది. సీసా మూతి మాత్రం పగలగొట్టకండి. గాజు రవ్వ లోపల పడిందా, ఎంత ఖరీదైన సరుకైనా పారబోయండి. గుడ్డని నమ్మి గాజు తాగకూడదు.

ఈ మాటకి అందరూ తల ఊపుతారు. మీ గొంతులోకి గాజు పోకూడదు, న్యాయమే. మరి మోర్ధానాలో ఇతరుల కాళ్ళలోకి పోవచ్చునా?

మన ఊరి టాస్మాక్ సీసాకి బిరడా ఉండదు, తిప్పే మూత. తెరవడానికి ఏ కష్టమూ లేదు. కష్టమంతా తాగినాక. పోయినసారి మనం డ్యాము చూడటానికి వెళ్ళినప్పుడు మన పిల్ల ఒకతె ఏట్లో దిగి మడమ కోసుకుంది. మూడు కుట్లు పడ్డాయి. ఆ రోజు సలహా చెప్పిన నోరు ఒక్కటి లేదు. ఎందుకంటే పక్కన బండల మీద సీసాలు కొట్టి నవ్వినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. మేము చూశాం. ఆ రోజు మేమూ నోరు మూసుకున్నాం. అది మా తప్పు.

కౌండిన్య ఏరు చిత్తూరు జిల్లా అడవుల్లోంచి వచ్చి, మోర్ధానా దాటి, గుడియాత్తం మీదుగా పాలారులో కలుస్తుంది. ఎగువన కౌండిన్య అభయారణ్యం, ఏనుగుల చోటు. ఏనుగుకి రాష్ట్ర సరిహద్దు తెలీదు, చెప్పులూ లేవు. దిగువన గంగమ్మ శిరసు పండగకి జనం వట్టికాళ్ళతో ఏటి ఒడ్డున నడుస్తారు.

నీలగిరుల్లో ఇదే బాధ హైకోర్టుకి ఎక్కింది. 2022 లో అక్కడ సీసాకి 10 రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగి ఇచ్చే ఏర్పాటు మొదలైంది. తర్వాత వేరే జిల్లాలకీ వచ్చింది. అంటే 10 రూపాయలు చూపిస్తే మనకి బుద్ధి వస్తుంది. సిగ్గుపడాల్సిన మాట కాదా?

"అందరూ పారేస్తారు, మేమొక్కరమేనా" అంటారు. "ఊడవటం పంచాయితీ పని" అంటారు. ఊడవటానికి అది వీధి కాదు, ఇసక. ఇసకలో దిగిన పెంకుని వరద ఇంకో ఊరికి మోస్తుంది, అంతే.

రైల్వేలో ఉన్నప్పుడు గాజు సామాను పెట్టె మీద గ్లాసు బొమ్మ అంటించేవాళ్ళం. ఎన్ని పెట్టెలు ఎక్కాయో అన్నీ దిగాలి, లేకపోతే సంతకం పెట్టేవాళ్ళం కాదు. మన సంఘానికీ అదే లెక్క కావాలి. డ్యాము దగ్గర తాగొద్దు, ఇది మొదటి మాట. వినని పెద్దమనుషులుంటే, బస్సు ఎక్కేటప్పుడు సీసాలు లెక్కపెడదాం, దిగేటప్పుడూ లెక్కపెడదాం. ఒక్కటి తగ్గినా కార్తీక వనభోజనం పేరుతో మోర్ధానాకి బస్సు పెట్టొద్దు. వచ్చే సమావేశంలో ఇది తీర్మానంగా పెడతాం. కాదనేవాళ్ళు ఆ పిల్ల ఎదురుగా లేచి కాదనాలి.