పాలు పడటం లేదన్న తీర్పు

చెన్నై షోళింగనల్లూరులో, పాత మహాబలిపురం రోడ్డు పక్క అపార్ట్‌మెంట్లలో కాపురముంటున్న తెలుగు బాలింతలకు ఒక తీర్పు తరచూ వినబడుతుంది: "నీకు పాలు సరిగా పడటం లేదు. ఎలాగూ ఆఫీసుకు వెళ్లాలి. ఇప్పట్నించే డబ్బా పాలు అలవాటు చెయ్యమ్మా." విజయవాడ నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వచ్చిన అమ్మమ్మ ఈ మాట ప్రేమతోనే అంటుంది. ప్రేమతో అన్నా తప్పు తప్పే.

బిడ్డ ఎంత తాగితే పాలు అంత ఊరతాయి. చప్పరించిన ప్రతిసారీ తల్లి రక్తంలో ప్రొలాక్టిన్ హార్మోన్ పెరుగుతుంది. రొమ్ము ఖాళీ అయ్యేకొద్దీ పాలు త్వరగా తయారవుతాయి, నిండుగా ఉండిపోతే తయారీ మందగిస్తుంది. బిడ్డ ఏడ్చిందని సీసా పట్టారనుకోండి, ఆ పూట రొమ్ము ఖాళీ కాదు. రోజూ ఇదే జరిగితే పాలు నిజంగానే తగ్గుతాయి. అప్పుడు "చూశావా, నే చెప్పలా?" అంటూ రెండో సీసా వస్తుంది. లేని కొరతకు మందేసి, ఆ మందుతోనే కొరత తెచ్చిపెట్టుకోవడం ఇది. ఏడుపును బట్టి లెక్క కట్టకూడదు. మొదటి వారం గడిచాక రోజుకు ఆరుసార్లయినా ఒంటేలు పోస్తూ, బరువు పెరుగుతున్న బిడ్డకు పాలు చాలుతున్నట్టే.

"రోహిణీ కార్తె ఎండలు, రెండు చెంచాల నీళ్లయినా పట్టొద్దా?" అక్కర్లేదు. తల్లిపాలలో 87 శాతం దాకా నీళ్లే. ఆరు నెలలు నిండేదాకా చెన్నై వేసవిలోనూ అవే చాలు.

"పాలిచ్చి పాలిచ్చి తల్లి చిక్కిపోతుంది" అన్నది మరో బెదిరింపు. 30 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాలను కలిపి 2002లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన విశ్లేషణ చూడండి: పాలిచ్చిన ప్రతి 12 నెలలకూ తల్లికి రొమ్ము క్యాన్సర్ ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గింది. కాన్పయిన వెంటనే బిడ్డను రొమ్ముకు ఆనిస్తే విడుదలయ్యే ఆక్సిటోసిన్ హార్మోన్ గర్భసంచిని ముడుచుకునేలా చేసి రక్తస్రావాన్ని అదుపు చేస్తుంది. బిడ్డకు విరేచనాలు, చెవిపోటు, న్యుమోనియా తగ్గుతాయన్నది ఎప్పుడో తేలిన విషయం.

కొందరికి నిజంగానే పాలు పడవు. కొన్ని మందులు వాడే తల్లులు ఇవ్వకూడదు కూడా. వాళ్లకు పోతపాలు అవసరం. తల్లిపాల మహిమ చెబుతూ వాళ్లను దోషుల్ని చేసే ఉపన్యాసకులూ అమ్మమ్మకు తీసిపోరు.

ఇక ఉద్యోగం సంగతి. పిండి తీసిన పాలు ఫ్రిజ్‌లో నాలుగు రోజులదాకా నిలవుంటాయి. ఆఫీసు నుంచి ఇంటికి ఐస్‌ప్యాక్ ఉన్న సంచిలో తేవచ్చు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ ఉండాలి, రోజుకు నాలుగుసార్లు తల్లిని అక్కడికి వెళ్లనివ్వాలి. బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలూ చట్టంలో ఉన్నాయి. పాల పొడి బ్రాండ్లు పోల్చి చూసినంత ఓపికగా ఈ హక్కుల గురించి ఏ ఇంట్లో మాట్లాడుకుంటున్నారు?

అదే అపార్ట్‌మెంట్లో గిన్నెలు తోమే పనమ్మాయికి మాత్రం ఈ సెలవూ లేదు, క్రెషూ లేదు. ఇంటి దగ్గర ఆమె బిడ్డకు పట్టేది, డబ్బా తొందరగా అయిపోకూడదని పలచగా కలిపిన పొడి.