హోపీ ఆడబిడ్డ జడ్జి కుర్చీ దాకా నడిచిన దారి, మనకున్న మూడేళ్ల గండం

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

డిగ్రీ అయిపోయిన మన పిల్లల్ని ఏం చేస్తావంటే డీఎస్సీ, కానిస్టేబుల్, గ్రూప్స్, బ్యాంకు అంటారు. జడ్జి అవుతాననే వాళ్లు ఎంతమంది? లా చదివిన వాళ్లు కూడా ఆ మాట గట్టిగా అనరు. ఆ కుర్చీ మనది కాదని లోపల ఎక్కడో నాటుకుపోయింది. అందుకే ఈ రోజు డయాన్ హ్యూమెటెవా గురించి రాస్తున్నాను.

ఆమె అమెరికాలోని అరిజోనాకు చెందిన హోపీ తెగ మహిళ. 2014 మే 14న అమెరికా సెనేట్ 96–0 ఓట్లతో ఆమెను అరిజోనా ఫెడరల్ జిల్లా కోర్టు జడ్జిగా ఆమోదించింది. ఆ దేశంలో ఫెడరల్ జడ్జి అయిన తొలి ఆదివాసీ మహిళ ఆమే. కేంద్ర చట్టాల కింద వచ్చే కేసుల్లో సాక్షులను వినేది, శిక్ష వేసేది మొదట ఈ జిల్లా కోర్టే.

ఈ కోర్టుతో ఆదివాసీలకు పెద్ద పనే ఉంది. లకోటాల్లో క్రో డాగ్ అనే అతను స్పాటెడ్ టెయిల్ అనే నాయకుణ్ని చంపాడు. తెగ పద్ధతి ప్రకారం చనిపోయిన వారి కుటుంబానికి డబ్బు, గుర్రాలు, దుప్పటి ఇప్పించి తగవు తీర్చుకున్నారు. ప్రభుత్వం ఊరుకోలేదు, తన కోర్టులో ఉరిశిక్ష వేయించింది. తెగ లోపలి నేరం మీద ఆ కోర్టుకు అధికారం లేదని 1883లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. దాంతో అక్కడి కాంగ్రెస్ 1885లో మేజర్ క్రైమ్స్ చట్టం తెచ్చింది. రిజర్వేషన్లలో ఆదివాసీలు చేసిన హత్య లాంటి పెద్ద నేరాలు ఫెడరల్ కోర్టులకు వెళ్లిపోయాయి. (అక్కడ రిజర్వేషన్ అంటే మన కోటా కాదు, తెగలకు మిగిల్చిన భూభాగం.) తగవు తెగది, తీర్పు బయటివాళ్లది. ఆ చట్టం వచ్చాక ఒక ఆదివాసీ మహిళ ఆ కుర్చీలో కూర్చోవడానికి దాదాపు 130 ఏళ్లు పట్టింది.

ఆమె ఎలా చేరింది? 1987లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో డిగ్రీ అయ్యాక లాయరుగా కాదు, ఫెడరల్ ప్రాసిక్యూటర్ ఆఫీసులో బాధితులకు తోడుగా ఉండే ఉద్యోగిగా మొదలుపెట్టింది. కోర్టు అంటే భయపడే మనిషి పక్కన కూర్చుని ఏం జరుగుతుందో చెప్పే పని అది. ఆ తర్వాత లా చదివి 1993లో పట్టా తీసుకుంది. సెనేట్‌లో ఆదివాసీ వ్యవహారాల కమిటీకి న్యాయ సలహాదారుగా చేసింది. ఫెడరల్ ప్రాసిక్యూటర్‌గా ఏళ్ల తరబడి కేసులు నడిపింది. 2002 నుంచి 2007 దాకా హోపీ తెగ సొంత అప్పీలు కోర్టులో జడ్జిగా కూడా కూర్చుంది. 2007లో బుష్ హయాంలో అరిజోనా యూఎస్ అటార్నీ అయ్యింది. ప్రభుత్వం మారాక 2009లో ఆ పదవి పోయింది. ఒక లా సంస్థలో, తర్వాత యూనివర్సిటీలో పనిచేసింది. చివరికి వేరే పార్టీ అధ్యక్షుడు ఒబామా ఆమెను జడ్జిగా నామినేట్ చేశాడు.

అక్కడ పరీక్ష లేదు. అధ్యక్షుడు నామినేట్ చేయాలి, సెనేట్ ఒప్పుకోవాలి, ఆ తర్వాత జీవితకాలం పదవి. అంటే పెద్దవాళ్ల కళ్లలో పడితేనే దారి. ఆ విషయంలో మన పద్ధతే నయం. జూనియర్ సివిల్ జడ్జికి నోటిఫికేషన్ వస్తుంది, పరీక్ష ఉంటుంది, ఎస్టీలకు రిజర్వేషన్ ఉంటుంది. ఎవరికీ తెలియని తండా పిల్ల, గూడెం పిల్లాడు కూడా హాల్ టికెట్ పట్టుకుని లోపలికి పోవచ్చు.

కానీ ఇప్పుడు ఆ గుమ్మం ముందు ఒక మెట్టు పెరిగింది. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పు ఇచ్చింది. అనుభవం అక్కర్లేదని నేను అనను. హ్యూమెటెవా బలమంతా అనుభవమే కదా. కానీ తేడా చూడండి. ఆమె అనుభవంలో ఎక్కువ భాగం జీతం ఇచ్చిన ఉద్యోగాల్లో వచ్చింది. మన పిల్లలకు ఆ మూడేళ్లు ఎవరు అన్నం పెడతారు? సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరితే చేతికొచ్చేది ఆటో ఛార్జీలకు కూడా చాలదు. టౌన్‌లో రూమ్ అద్దె, నల్లకోటు, పుస్తకాలు ఎలా? తండ్రి లాయరైన పిల్లాడికి మూడేళ్లు శిక్షణ. పోడు చేసుకునే తండ్రి కొడుక్కి మూడేళ్లు పస్తు. రిజర్వేషన్ పోస్టులుంటాయి గానీ అక్కడి దాకా మిగిలే వాళ్లు ఉండరు.

కాబట్టి మన సంఘాలు అడగాల్సింది ఇదీ. ఎస్టీ లా గ్రాడ్యుయేట్‌కు ఎన్‌రోల్ అయిన నెల నుంచి మూడేళ్లు నెలనెలా ఆగకుండా స్టైపెండ్ ఇవ్వాలి. జిల్లా కోర్టు ఉన్న ఊళ్లో ఉండటానికి వసతి చూపాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో జూనియర్ లాయర్లకు నెలకు 5,000 రూపాయలిచ్చే పథకం మొదలైంది. ప్రభుత్వం తలచుకుంటే అవుతుందనడానికి అదే రుజువు. ఇప్పుడు ప్రాక్టీసు తప్పనిసరి అయ్యాక ఇది దయ కాదు, రిజర్వేషన్‌లో భాగం.

లా చదివేవాళ్లు కూడా ఊరికే కూర్చోవద్దు. చదువుతూనే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్‌గా చేరండి, హ్యూమెటెవా మొదలుపెట్టింది అలాంటి పనితోనే. జడ్జీల దగ్గర లా క్లర్క్‌గా చేసిన కాలం కూడా మూడేళ్లలో లెక్కకొస్తుందని అదే తీర్పు చెప్పింది. మీ కోయ, గోండి, సవర, కువి, లంబాడీ మాటలు మర్చిపోకండి. సాక్షి మౌనంగా ఉన్నాడంటే అబద్ధం ఆడుతున్నాడా, తెలుగు రాక ఆగిపోయాడా అన్నది ఆ భాష తెలిసిన వాళ్లకే ముందు అర్థమవుతుంది.

2020 ఏప్రిల్ 22న ఐదుగురు జడ్జీల ధర్మాసనం జీవో 3 కొట్టేసినప్పుడు మనం రోడ్డెక్కాం, ఎక్కాలి కూడా. ఆదివాసీ జడ్జి ఉంటే తీర్పు మనవైపే వస్తుందని నేను చెప్పడం లేదు. జడ్జి చట్టం ప్రకారమే పోవాలి, హ్యూమెటెవా అయినా అంతే. కానీ మన బతుకు తెలిసిన మనిషి ఆ గదిలో ఉంటే అడిగే ప్రశ్నలు మారతాయి. కోర్టు బయట నినాదం ఇచ్చేవాళ్లు మనకు బాగానే ఉన్నారు. లోపల కూర్చునేవాళ్లు కావాలి.

ఈ గ్రూపులో లా చదువుతున్నవాళ్లు, ప్రాక్టీసు మానేసి వేరే పనికి పోయినవాళ్లు ఎంతమంది ఉన్నారో కామెంట్‌లో రాయండి. ఎందుకు మానేశారో కూడా రాయండి. వినతిపత్రం అక్కడి నుంచే మొదలుపెడదాం.