ఉన్మాదము - వంశదోషము

మనోవ్యాధికి మూల మెచ్చట నున్నదను ప్రశ్న ప్రాచీనమైనది. గ్రహావేశమని కొందరును, కర్మఫలమని కొందరును, పెంపకదోషమని మరికొందరును చెప్పుచు వచ్చిరి. ఆయుర్వేదము తన యష్టాంగములలో భూతవిద్య యను దానిని దీనికై ప్రత్యేకించినది. ఇప్పుడీ ప్రశ్నను జన్యుశాస్త్రజ్ఞులు చేపట్టియున్నారు. 2022వ సంవత్సరమున ‘నేచర్’ పత్రికలో ప్రకటింపబడిన యొక పరిశోధనయందు స్కిజోఫ్రీనియా వ్యాధిగ్రస్తులు 76,755 మందియొక్కయు, ఆ వ్యాధి లేనివారు 2,43,649 మందియొక్కయు జన్యుద్రవ్యమును పోల్చిచూచి, వ్యాధితో సంబంధముగల స్థానములు 287 కలవని తేల్చిరి. 2014లో నీ సంఖ్య 108 మాత్రమే.

ఈ యంకెలను చదివినవారికి, వ్యాధికారణము దొరికినదనియు, ఇక నొక రక్తపరీక్షతో దానిని కనిపెట్టవచ్చుననియు తోచుట సహజము. వాస్తవ మట్లు లేదు. ఆ స్థానములలో నొక్కొక్కదాని బలము మిక్కిలి స్వల్పము. నూటికొకరికి రాదగిన వ్యాధిని నూటికి 1.1 వరకు పెంచుటయే సాధారణముగ దాని పని. అట్టి చిన్నమార్పులు ప్రతి మానవునియందును వేలకొలదిగ గలవు. న్యాయాసనమున గూర్చున్నవారియందును గలవు, పత్రికలు నడుపువారియందును గలవు. స్కిజోఫ్రీనియాను గాని, బైపోలార్ వ్యాధిని గాని, కుంగుబాటును గాని జన్యువులను జూచి నిర్ధారింపగల పరీక్ష నేటివరకు వైద్యలోక మంగీకరించినది లేదు. వైద్యుడు రోగితో మాటలాడియు, ఇంటివారి నడిగియుమాత్రమే నిర్ణయించుచున్నాడు.

శాస్త్రజ్ఞులు సైత మీ విషయమున తొందరపడి భంగపడిరి. సెరటోనిన్‌కు సంబంధించిన యొక జన్యువు జీవితకష్టములతో గలిసి కుంగుబాటును తెచ్చునని 2003లో ప్రకటింపబడగా, దాని ననుసరించి వ్యాసములు కుప్పతిప్పలుగ వెలువడెను. 2019లో, మునుపటికంటె నెన్నోరెట్లు ఎక్కువమంది వివరములతో పరీక్షింపగా, ఆ జన్యువునకును, దానివలెనే పేరుబడిన మరి పదునేడింటికిని కుంగుబాటుతో విశేషసంబంధ మేమియు కనబడలేదు. పదునారేండ్లు నిలిచిన యభిప్రాయము నిట్లు నిర్దాక్షిణ్యముగ త్రోసివేయగలిగినందుకు శాస్త్రమును మేము గౌరవింతుము. కాని యా పదునారేండ్లలో దానిని నమ్మినవారి సంఖ్యను మరువరాదు.

లాభము లేకపోలేదు. మెదడులోని నాడీకణముల సంధులను, తోటమాలి కొమ్మలను కత్తిరించినట్లు, యౌవనారంభమున శరీరమే కొంతవరకు తగ్గించుకొనును. రోగక్రిములనుండి దేహమును కాపాడుటకై యేర్పడిన సి-4 అను నొక జన్యువు హెచ్చుగ పనిచేసినచో నీ కత్తిరింపు మితిమీరవచ్చునని 2016లో అమెరికా పరిశోధకులు సూచించిరి. వ్యాధి పదునెనిమిదేండ్లకో, ఇరువదియేండ్లకో బయటపడుట కిది కొంత సమాధానము. ఇంకొకటి. బైపోలార్ వ్యాధికిని, మూర్ఛకును వాడు కార్బమజెపీన్ అను మందు కొందరికి చర్మ మూడివచ్చునంతటి ప్రాణాపాయము కలిగించును. ఆసియావాసులలో కొందరియందుండు ‘హెచ్.ఎల్.ఏ.’ జన్యువుయొక్క యొక రూపమే దీనికి గురుతని 2004లో తైవాన్ వైద్యులు కనుగొనిరి. మందిచ్చుటకు ముందు దానిని పరీక్షించి పెక్కుప్రాణములను కాపాడవచ్చును. జన్యుపరీక్షకు తగిన యుపయోగ మిట్టిది.

తగని యుపయోగమునకు చరిత్ర సాక్ష్యమిచ్చుచున్నది. ఉన్మాదము వంశానుగతమని లెక్కలు కట్టిన జర్మను వైద్యుడు ఎర్నెస్టు రూడిన్ 1933 నాటి హిట్లరు ప్రభుత్వపు నిర్బంధ వంధ్యీకరణ శాసనమునకు ప్రముఖ సమర్థకుడయ్యెను. ఆ శాసనముక్రింద సుమారు నాలుగు లక్షలమందికి శస్త్రచికిత్స చేసిరి. 1939-41 సంవత్సరములలో చికిత్సాలయములనుండి సుమారు 70,000 మంది రోగులను గొనిపోయి చంపివేసిరి. ప్రజాస్వామ్యమని చెప్పుకొను అమెరికాలో సైతము అత్యున్నత న్యాయస్థానము 1927లో నిర్బంధ వంధ్యీకరణమును సమర్థించియుండెను.

మనదేశమున నట్టి శాసనము లేదని తృప్తి చెందుటకు వీలులేదు. మన యిండ్లలో నొక యలిఖితశాసనము గలదు. అన్నకు మతిచలించినదని తెలిసినచో చెల్లెలికి సంబంధము కుదరదు. కనుక రోగమును గదిలోపెట్టి తాళమువేయుదురు, మాంత్రికునికై పొలమమ్ముదురు, వైద్యునికడకు మాత్రము పోరు. నేడు వివాహమునకు ముందు జన్యుపరీక్షయని వ్యాపారులు బయలుదేరినచో నీ మౌఢ్యమునకు శాస్త్రముయొక్క ముద్ర పడును. తల్లికో తండ్రికో స్కిజోఫ్రీనియా యున్నను నూరుగురు బిడ్డలలో సుమారు తొంబదిమందికి అది రాదు. ఒకే పిండమునుండి పుట్టిన కవలలలో నొకరికి వచ్చినప్పుడు సైతము సగముకంటె నెక్కువసార్లు రెండవవారికి రాదు. ఈ సంగతిని సంబంధములు విచారించు పెద్దలు గమనింపవలెను.

ఇట్టి పరిశోధనలలో 2019నాటికి పాల్గొన్నవారిలో నూటికి 79 మంది ఐరోపా సంతతివారే యని లెక్కతేలినది. వారి రక్తమునుండి కట్టిన లెక్క మనకు సరిపడదు. మనలో శతాబ్దములుగ శాఖలలోనే వివాహములు జరుగుచున్నవి. శస్త్రచికిత్సకు మత్తిచ్చునపుడు వాడు నొకానొక మందు వైశ్యులలో కొందరికి హానికరమగుటకు వారిలో తరతరములుగ వచ్చుచున్న యొక జన్యుభేదమే కారణము. మనోవ్యాధుల విషయమునను మన వెదుకులాట మనమే చేసికొనవలెను. 10,000 మంది భారతీయుల జన్యువివరములు 2025 జనవరిలో పరిశోధకుల కందుబాటులోనికి వచ్చినవి. బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు ఇతర సంస్థలతో గలిసి రోగుల కుటుంబములను పరిశోధించుచున్నారు. ఇవి హర్షింపదగినవి. అయితే యీ వివరములు భీమా కంపెనీలకును, యజమానులకును చిక్కకుండ చేయు ప్రత్యేకశాసనము మనకు లేదు. అమెరికాలో 2008 నుండి యొకటి యున్నది. పార్లమెంటు దీనిని జాగుచేయరాదు.

2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టము రోగులను సంకెళ్లతో కట్టుటను, చికిత్సపేర వంధ్యీకరణము చేయుటను నిషేధించినది. శాసనము మంచిదే, ఆచరణమే కొరత. 2015-16 నాటి జాతీయ సర్వేలో తీవ్రమైన మనోవ్యాధిగలవారిలో నూటికి డెబ్బదిమందికి పైగా చికిత్సయే లేకుండిరి. బైపోలార్ రోగులకు 1949 నుండియు తెలిసిన లిథియము మిక్కిలి చౌకయైన మందు. దానిని వాడుచున్నవారికి రక్తములో దాని పరిమాణమును అప్పుడప్పుడు కొలువవలెను. మనోవ్యాధి విషయమున నిక్కముగ నుపయోగపడు రక్తపరీక్ష యిదియొకటి ఇప్పటికే చేతిలో నున్నది. ప్రతి జిల్లా ఆసుపత్రిలో నా మాత్రలును, ఆ పరీక్షయు ఏడాది పొడుగున దొరకునట్లు ప్రభుత్వములు వెంటనే యేర్పాటు చేయవలెను.