గేదెలు కాచే చదువు

చదువు ఒంటబట్టని కుర్రవాణ్ణి మన ఇళ్లల్లో తిట్టే తిట్టు ఒకటున్నది: "పోయి గేదెలు కాచుకో!" ఏ చదువూ అక్కరలేని పని అదొక్కటేనని మన నమ్మకం కాబోలు. తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు మాత్రం ఎప్పుడూ ఒక అనుమానమే. పరిశోధనను 'గవేషణ' అంటాం. ఆ మాటకు మొదటి అర్థం ఆవులను వెదకడం. పండితులు కూడితే 'గోష్ఠి' అంటాం. అది ఆవులు నిలిచే గోష్ఠం నుంచి పుట్టింది. ఇన్ని విద్యల మాటలు పశువుల వెంట నడిచి వస్తే, పశువులను కాయడానికి విద్య అక్కరలేదా?

దసరా సెలవుల్లో పరిటాలలో ఒక పెద్దాయన మంద వెంట నాలుగు రోజులు తిరిగాను. నందిగామ నుంచి బెజవాడ పోయే దారిలో, ఒకప్పుడు వజ్రాల గనులకు పేరుపడ్డ ఊరది.

"కాయవలసింది గొడ్డును కాదు మాస్టారూ, గడ్డిని" అన్నాడు మొదటి రోజునే. నిన్న మేసిన చోటికి ఇవాళ మందను పోనివ్వడు. మేసిన గడ్డి మళ్లీ చిగిర్చేది మిగిలిన ఆకుతోనూ, వేళ్లలో దాచుకొన్న బలంతోనూ. ఆ చిగురును వెంటనే కొరకనిస్తే వేరు నీరసిస్తుంది. ఆ చోట పిచ్చిమొక్కలు లేస్తవి. ఫ్రాన్సు దేశపు రైతు, శాస్త్రజ్ఞుడు ఆంద్రే వాజాన్ 1957లో ఈ సంగతి మీదనే ఒక గ్రంథం ప్రకటించాడు.

మన ఒంగోలు జాతి పశువులు బ్రెజిలుకు పోయి, 'నెలోర్' అనే పేరుతో అక్కడ పెద్ద మందలైనవి. అక్కడ బయళ్లను కంచెలతో విడదీసి, ఒకదాని తర్వాత ఒకటి మేపుకొంటారు. ఇక్కడ ఇటు పత్తిచేను, అటు మిరపతోట, నడుమ డొంక. కంచె చేసే పని మనిషే చేయాలి. పశువు భుజానికి కాస్త వెనకగా మనం అడుగు వేస్తే అది ముందుకు సాగుతుంది. భుజం దాటి ఎదుటికి వస్తే ఆగుతుంది. ముందు నడిచే గేదెను మళ్లిస్తే మంద మళ్లుతుంది. వెనకనుంచి అరిస్తే చెదిరిపోతుంది.

ఇదంతా ఒక ఎత్తు, జొన్నచేను ఒక ఎత్తు. లేత జొన్నలోనూ, వాన లేక గిడసబారిన జొన్నలోనూ, కోసిన మోళ్ల నుంచి లేచిన పిలకల్లోనూ సైనైడు విషం పుడుతుంది. ఆకలి మీద మేసిన పశువు రొప్పుతూ, తూలుతూ కూలిపోతుంది. ఒక్కొక్కప్పుడు నిమిషాల్లోనే ప్రాణం పోతుంది. సోడియం థయోసల్ఫేటు వంటి మందు నరానికి ఎక్కిస్తే బ్రతకవచ్చు గాని, డాక్టరు వచ్చేదాకా పశువు నిలవాలి గదా!

మూడో రోజున ఒక పడ్డ మంద విడిచి అటే తిరిగింది. నా గుండె ఝల్లుమన్నది. పెద్దాయన కేక వేయలేదు, పరుగెత్తలేదు. చుట్టు తిరిగి పోయి, దానికీ జొన్నమోళ్లకూ నడుమ నిలబడ్డాడు. అది కాసేపు ఆయన వంక చూచి వెనుదిరిగింది. రేపు ఈనితే ఒక ఇంటికి పాడి అయ్యే పడ్డ అది. కూలితే ఆ ఇంటికి మిగిలేది అప్పు.

"నీ తర్వాత ఈ పని ఎవరు చూస్తారు బాబాయ్?" అన్నాను.

"ఎవరున్నారు మాస్టారూ? చదవకపోతే గేదెలు కాయాలని మీరే భయపెట్టి మా మనుమణ్ణి పట్నం పంపించారు గదా!" అని నవ్వాడు.

మనుమడు చదువుకోవలసిందే. కాని ఇంట పాడి ఉన్నవారు ఈ ఒక్క ముక్క పిల్లలకు చెప్పి ఉంచండి: పూతకు రాని పచ్చజొన్న దగ్గరికి, కోసిన చేలో లేచిన పిలకల దగ్గరికి పశువును పోనివ్వకూడదు. ఇది తెలిసినవాళ్లు మనకు ఏడాదికేడాదికీ తగ్గిపోతున్నారు.